శ్రుతి కుదిరింది, కచేరీ ఎప్పుడు?

1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం కచేరీ జరిగింది. సితార్ విద్వాంసుడు రవిశంకర్, సరోద్‌తో అలీ అక్బర్ ఖాన్, తబలాతో అల్లారఖా వేదికెక్కి కాసేపు వాద్యాలు సవరించుకున్నారు. అది ఆగగానే హాలంతా చప్పట్లు! శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నారు రవిశంకర్. పాపం, ఆయన చురక వేశాననుకున్నారు. అవతలివాళ్ళు దాన్ని వ్యాపార సలహాగా తీసుకున్నారు. శ్రుతికే చప్పట్లు పడుతుంటే ఇక వాయించడం దేనికి? అలా పుట్టిందే సితార్ కలిపిన సైకడెలిక్ లాంజ్ సంగీతం.

తయారీ చాలా సులువు. లాప్‌టాప్ తెరిచి, ఎవరో ఎప్పుడో వాయించిన సితార్ ముక్కల్లో రెండు సెకన్ల మీండ్ ఒకటి తెచ్చుకోండి. మీండ్ అంటే తీగను పక్కకి లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం. దాన్ని సగంలో కోసి, ఆ సగాన్నే ఆరు నిమిషాలు తిప్పండి. అడుగున తంబురా పరచండి, పాపం దాని నోట్లో నాలుక లేదు. పైన కాస్త వేణువు, దూరంగా ఒక ఆడగొంతు ఆలాపన, నిమిషానికో ‘ఓం’. ఇక పేరు పెట్టాలి. కర్మ, చక్ర, నిర్వాణ... వీటిలో ఏది ఖాళీగా ఉంటే అది.

తయారైన సరుకు మీద ‘ప్రాచీన జ్ఞానం, ఆధునిక శబ్దం’ అని చీటీ అతికిస్తారు. ఆ జ్ఞానానికి పట్టిన గతి చూద్దాం. దర్బారీ కానడలో కోమల గాంధారం నిలకడగా ఉండదు, మెల్లగా ఊగుతుంది. ఆ ఊగడంలోనే రాగం ఉంది. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌కి అది అపస్వరంలా వినిపిస్తుంది. చెవి పట్టుకుని తిన్నగా నిలబెడుతుంది. రాగం పోయిందండీ అంటే, సౌండ్ ఎంత క్లీన్‌గా వచ్చిందో చూడండి అంటారు. ఏడు మాత్రల రూపక్ తాళం వచ్చిందా, నాలుగు దెబ్బల గడిలో పట్టదు గనక ఏదో ఒక కాలు నరికి కూర్చోబెడతారు.

పారిస్‌లో 1996లో బుద్ధ బార్ తెరిచారు. లోపల పెద్ద బుద్ధ విగ్రహం, దాని కింద కాక్‌టెయిళ్ళు. 1999 నుంచి ఆ పేరుతో పాటల సంకలనాలూ వచ్చాయి. పంచశీలలో ఐదోది మత్తుపానీయాలకు దూరంగా ఉండమని. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ బార్‌లో బుద్ధుడూ అంతే. మత్తులో వినొద్దు, ఈ సంగీతానికి అది అక్కర్లేదని హిప్పీల కాలంలోనే రవిశంకర్ మొత్తుకున్నారు. ఇప్పుడు మత్తు మెనూ కార్డులో ఉంది, సంగీతం దానికి నంజుడు.

యంత్రాల మీద నాకేం కోపం లేదు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ సింథసైజర్, బేస్ యంత్రం, డ్రమ్ యంత్రం ముందేసుకుని పది రాగాలు డిస్కో దరువుమీద వాయించాడు. భైరవ్, లలిత్, యమన్, మాల్కౌన్స్... సితార్ లేదు, పొగమంచు అసలే లేదు. యంత్రానికి రాగం నేర్పాడాయన. లాంజ్‌వాళ్ళు రాగానికి యంత్రం నడక నేర్పుతున్నారు. ఆ రికార్డు అప్పట్లో ఎవరూ కొనలేదు. 2010లో మళ్ళీ వేశాక, షికాగో కుర్రాళ్ళ ఆసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతానికి ఇది ముందే పుట్టిన అన్నలా ఉందే అని పాశ్చాత్యులు నోరెళ్ళబెట్టారు. మనవాళ్ళు అలవాటు ప్రకారం వాళ్ళు నోరెళ్ళబెట్టాక గుర్తించారు.

ఈ లాంజ్ సంగీతం తన ఊదారంగు చీకటితో సహా హైదరాబాద్ లాంజ్‌లకూ స్పాలకూ ఎప్పుడో వచ్చేసింది. త్యాగరాజ కీర్తన మొదలవగానే చానల్ మార్చేవాడు అక్కడ కళ్ళు మూసుకుని, డీప్‌గా ఉంది బ్రో అంటాడు. మీరు వెళ్ళినప్పుడు ఒక్క పని చేయండి. డీజేని పిలిచి, ఇది ఏ రాగం బాబూ అని మర్యాదగా అడగండి. చెప్తే టిప్ ఇవ్వండి. ‘చిల్ వైబ్ సార్’ అన్నాడో, బిల్లులో సర్వీస్ చార్జీ కొట్టేయమనండి.