నేను మొగుడంపల్లి తుమ్మను

మేక కడుపులోంచి వచ్చినదాన్ని నేను. వేసవిలో రాలిన తుమ్మకాయలు మేసిన మేక ఒకటి ఎక్కడెక్కడో తిరిగి మొగుడంపల్లి శివారులో ఈ గట్టు మీద పెంటికలు వేసింది. అందులో గింజను నేను. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. అందుకే కాబోలు నన్ను తమదని చెప్పుకునేవాళ్లు లేరు. చేనుకు కంప కావలసినప్పుడు మాత్రం గొడ్డలి పట్టుకుని బాగానే గుర్తుపెట్టుకుని వస్తారు.

నా చుట్టూ ఎర్రమట్టి, మొరం, ఎండుగడ్డి, రేగుపొదలు. అవతల కంది చేలు, చెరకు. ఇంకా పోతే కర్ణాటక. మా పక్కనున్న జహీరాబాద్ ఒకప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది, 1956లో మెదక్‌లో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా వచ్చింది, మొగుడంపల్లి మండలమైంది. ఇన్ని హద్దులు మారినా చలికాలపు పిట్టలు మాత్రం దారి తప్పకుండా వస్తూనే ఉన్నాయి.

వాటి కోసమే ఆ జనవరి పొద్దున హైదరాబాద్ నుంచి ఒక కారు వచ్చింది. ముంబై రహదారి మీద వంద కిలోమీటర్లకు తక్కువ కాని దారి. చీకటితోనే బయల్దేరి ఉంటారు. నలుగురు దిగారు, మెడల్లో బైనాక్యులర్లు, చేతుల్లో కెమెరాలు. ఒక్కరూ మాట్లాడలేదు. నా ముందు అంత మర్యాదగా నిలబడ్డ మనుషులను నేను అంతకుముందు చూడలేదు.

గొర్లను తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు.

"ఏం దేవులాడుతున్నరు బిడ్డా? ఏమన్న పోగొట్టుకున్నరా?"

"లేదు తాతా, ఒక పిట్ట కోసం వచ్చినం."

"పట్నం నుంచి గీడిదాంక? నెమలా?"

"కాదు తాతా. మట్టి రంగుది. గింతే ఉంటది."

"గసొంటియి మస్తున్నయి గద!" అనేసి ఆయన గొర్ల వెనక పోయాడు.

ఆయన మాట అబద్ధం కాదు. నా పొదల్లో చలికాలమంతా "చెక్, చెక్" అంటూ కనిపించకుండా తిరిగేది ఎక్కువగా బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. అదీ మట్టి రంగే. వీళ్లు వెతికేది సైక్స్ వార్బ్లర్‌ను. పది గ్రాములకు అటూ ఇటూ తూగే ఆ పిట్ట ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల వైపు పొదల్లో గూడు కట్టి, చలికాలానికి మన దేశం వస్తుంది. దానికి బూటెడ్ వార్బ్లర్ అనే చుట్టం ఉంది. అదీ వలస పిట్టే. రెండింటినీ చాలాకాలం ఒకే జాతిగా లెక్కగట్టారు. తేడా అంతా ముక్కు పొడవులో, కన్ను మీది లేతచారలో, కింది ముక్కు కొసన నలుపు ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. బూటెడ్‌కు ఆ నలుపు ఉంటుంది. సైక్స్‌కు సాధారణంగా ఉండదు. ముళ్ల మధ్య ఒక్క క్షణం నిలవని పిట్టకు కింది ముక్కు కొస చూడాలి!

సైక్స్ అంటే బొంబాయి ప్రభుత్వం కింద దక్కనులో గణాంకాలు సేకరించిన సైనికాధికారి. ఆయన దక్కను పక్షుల జాబితా రాసి, 1832లో ఈ పిట్టను లోకానికి పరిచయం చేశాడు, శాస్త్రీయనామంలో "రామ" అని చేర్చాడు. ఈ వార్బ్లర్ల విషయంలో మహామహులే తడబడ్డారు. కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన హ్యూమ్ 1867లో సట్లెజ్ లోయలో పట్టిన లార్జ్-బిల్డ్ రీడ్ వార్బ్లర్ నమూనా ఒక్కటే ఉండిపోయింది. అది అసలు వేరే జాతేనా అని దశాబ్దాలు వాదించుకున్నారు. 2006లో థాయ్‌లాండ్‌లో మరొకటి వలలో పడింది. కాబట్టి చూడగానే పేరు చెప్పేసేవాళ్లను నేను నమ్మను.

ఆ నలుగురూ అలా చెప్పలేదు. పిట్ట నా పైకొమ్మల్లో కనిపించింది, పురుగును పట్టింది, రేగులోకి దూరింది. ఫోటోలు పెద్దవి చేసి చూసుకున్నారు. ముక్కు పొడవే, కానీ కొస మీద ఆకు నీడ పడింది. పిట్ట కూత ఫోనులో వినిపించి బయటికి రప్పిద్దామా అన్నాడొకడు. వద్దంది పక్కనున్న అమ్మాయి. తిండి వెతుక్కునే వేళ దాన్ని సతాయించడమెందుకు అంది. ఆ అమ్మాయి నాకు నచ్చింది. చివరికి చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్‌లో "బూటెడ్/సైక్స్" అని రాసుకున్నారు. నా కొమ్మకు రెండింటి బరువూ ఒకటే.

నా గోడు వేరే. నాబోటి పొదలున్న నేలను దేశపు బంజరు భూముల అట్లాస్ బంజరు కిందే లెక్కేస్తుంది. అందుకు ఉపగ్రహ చిత్రాలు చదివేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. పైనుంచి చూస్తే నేను ఖాళీ. ఖాళీ అనుకున్నచోట ఫ్యాక్టరీ పెడతారు, లేకపోతే పుణ్యానికి మొక్కలు నాటుతారు. ఫ్యాక్టరీ సంగతి అందరికీ తెలుసు. నాటడం వల్లా నష్టమేనంటే నమ్మరు. పొదలు కొట్టేసి వరసగా చెట్లు పెడితే ఆకుపచ్చ పెరుగుతుంది, కానీ ముళ్లమాటున పురుగులేరుకునే ఈ పిట్టకు అక్కడ పనిలేదు. గొర్లకూ మేత ఉండదు.

పచ్చదనం పెంచాలనుకుంటే ఊరి వీధుల్లో, బడి ఆవరణలో, రోడ్ల పక్కన నాటండి. ఈ గట్టును మాత్రం ఇట్లాగే వదిలేయండి.