నల్లబండి ఆసామి

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక అసోసియేషన్ ప్రెసిడెంటు, ఆయన ఏం చేసినా తప్పుపట్టే ఒక రిటైర్డు ఆఫీసరు, మెయింటెనెన్స్ డబ్బులు అడగ్గానే ఊరెళ్ళే ఒక పెద్దమనిషి తప్పనిసరిగా ఉంటారు. వీళ్ళతోపాటు నల్లబండి ఆసామి కూడా ఒకడుంటాడు. కూకట్‌పల్లి వైపు ఒక్కోచోట ఇద్దరు కూడా ఉంటారు గానీ, వాళ్ళిద్దరికీ మాటలుండవు.

ఆదివారం పొద్దున్నే సెల్లార్లోకి దిగితే ఆసామిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. పాత బనీను, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. చేతికి వాచీ ఉండదు, నడుముకి బెల్టుండదు, అత్తగారు పెట్టిన ఉంగరం వేలికుండదు. మెడలో గొలుసు కూడా తీసి పైన పెట్టి వస్తాడు. కొత్తవాళ్ళు చూస్తే పాపం ఎమ్మారై స్కానింగుకి బయల్దేరాడేమో అనుకుంటారు. "ట్యాంకు మీద గీత పడుతుందండీ" అంటాడు, మనం అడక్కపోయినా.

బండి బుల్లెట్టు. నల్లది. ట్యాంకు మీద బంగారు రంగు గీతలు. బుల్లెట్లు మద్రాసులో తయారవడం 1950లలో మొదలైందనీ, ఈ గీతలు మిషను గీసినవి కావనీ, ఫ్యాక్టరీలో మనిషి బ్రష్షు పట్టుకుని చేత్తో గీసినవనీ మనకి మొదటి పరిచయంలోనే తెలుస్తుంది. ఆయన పేరు మూడో పరిచయంలో తెలుస్తుంది. కొనేటప్పుడు వాళ్ళమ్మగారు "మొదటి బండి, నలుపెందుకురా?" అంటే "నలుపు నారాయణుడు మెచ్చు" అని సర్దిచెప్పాడట. నారాయణుడు మెచ్చే ఉంటాడు. మెచ్చనిది మా బోరు.

కొన్న కొత్తలో ఒక ఆదివారం పైపు పెట్టి కడిగి, ఎండలో నిలబెట్టి, పైకెళ్ళి ఇడ్లీ తిని వచ్చాడు. వచ్చి చూస్తే ట్యాంకు నిండా తెల్లటి చుక్కలు. తెల్లటి బుగ్గ మీద నల్లటి దిష్టిచుక్క పెట్టడం మనకి తెలుసు. నల్లటి బుగ్గ మీద తెల్లటివి, అదీ లెక్కలేనన్ని, ఎవరు పెట్టారో ఆయనకి అర్థం కాలేదు. వాచ్‌మన్‌ని పిలిచి "ఎవరైనా సున్నం చల్లారా?" అని గద్దించాడు.

"ఎవరు చల్లుతరు సార్? మన బోరు నీళ్ళే సున్నం" అన్నాడు వాచ్‌మన్.

పాలమూరు నుంచి వచ్చిన ఆ మనిషి ఒక్క ముక్కలో చెప్పిన సంగతిని ఆసామి తర్వాత మాకందరికీ అరగంట చొప్పున చెప్పాడు. నేలలోకి ఇంకిన నీరు రాళ్ళ సందుల్లోంచి వస్తూ కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని తెస్తుంది. ఎండకి ఆవిరయ్యేది నీరొక్కటే. అందులో కరిగినదంతా ట్యాంకు మీదే కూర్చుంటుంది. చుక్క అంచుల దగ్గర ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి మరక గుండ్రటి గీతలా కనిపిస్తుంది. తెల్లబండి మీదా ఈ మరకలుంటాయి, కానీ తెలుపులో తెలుపు కలిసిపోయి దాని యజమాని సుఖంగా నిద్రపోతాడు. నలుపు ఎండకి తొందరగా కాగుతుంది, కాగితే నీళ్ళు తొందరగా ఆరతాయి, ఆరితే చుక్కలు. వాటిని అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకి రంగు మీది పైపూతని కూడా తినేస్తాయి. ఇదంతా ఆయన లిఫ్టు తలుపు కాలితో ఆపి పట్టుకుని చెప్పాడు.

ఆ తర్వాత ఆయన జేబులోకి పెన్నులాంటి మీటరొకటి వచ్చింది. ముంచితే నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో అంకె చూపిస్తుంది. మా బోరు లీటరుకి 900 చూపించింది. "పది లీటర్ల బకెట్టుకి తొమ్మిది గ్రాములు! అంటే నేను బండి మీద చెంచాన్నర ఉప్పు దిమ్మరిస్తున్నానన్నమాట" అని తలపట్టుకున్నాడు. తాగేనీటికి మన దేశపు ప్రమాణం 500 అనీ, వేరే గతి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారనీ చదివి, "మనిషికి ఒప్పుకుంటారు సరే, బండి సంగతేమిటి?" అని అడిగాడు. అక్కడున్న నలుగురిలో ఎవరూ జవాబు చెప్పలేకపోయాం.

అప్పట్నుంచి ఆసామి పిలవకపోయినా అందరిళ్ళకీ వస్తాడు, మీటరు ముంచడానికి. పెళ్ళి భోజనాల్లో మంచినీళ్ళ గ్లాసు ముందుకొస్తే జేబు తడుముకుంటాడు. మంజీరా నీళ్ళు వచ్చే రోజు పొద్దున్నే పంపు దగ్గర కాపు కాస్తాడు. ఒకసారి వాళ్ళావిడ పొదుపుగా ఉంటుందని ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు రెండు బకెట్లు పట్టి "బండికి వాడుకోండి" అంది. వడపోతలో మంచినీళ్ళు మనకిచ్చి, ఉప్పంతా ఆ వదిలేసే నీళ్ళలోకే తోసేస్తుంది మిషను. మీటరు ముంచి ఆసామి తెల్లబోయాడు. ఆరోజు ఆ ఇంట్లో మాటలు తక్కువ, గిన్నెల చప్పుడు ఎక్కువ.

చివరికి ఆయనకి అమృతం దొరికిన చోటు ఎవరూ ఊహించనిది. పక్క ఫ్లాటు ఏసీ పైపు. ఏసీ కార్చే నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి కారేవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. మీటరు చూపించిన చిన్న అంకెని ఫోటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాడు. ఎవరూ బొటనవేలు కూడా పెట్టలేదు. అయినా ఆ వేసవంతా పక్క ఫ్లాటువాళ్ళ మీద ఆయనకి పుట్టుకొచ్చిన అభిమానం చెప్పనలవి కాదు. "ఎండలు మండిపోతున్నాయండీ, కరెంటు బిల్లు చూసుకోకండి, పిల్లలున్న ఇల్లు, ఏసీ వేసుకోండి" అని సాయంత్రాలు గుమ్మం దగ్గర నిలబడి మరీ చెప్పేవాడు. చలికాలం వచ్చి ఏసీలు ఆగిపోగానే బ్యాటరీల షాపుకెళ్ళి డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ షాపతను ఈయనకి ఇన్వర్టర్ల వ్యాపారం ఉందనుకుని డిస్కౌంటిస్తున్నాడు.

ఇక కడిగే తంతు. రాత్రి నిలిపిన బండి ఇంజను చల్లగా ఉండాలి. ఎండ తగలకూడదు. ముందు ఒట్టి నీళ్ళు ధారగా పోసి దుమ్ము, ఇసక దింపేయాలి. ఇసక ఉండగా గుడ్డ పెడితే సన్నటి గీతలు పడి, ఎండలో సాలెగూడు కనిపిస్తుంది. తర్వాత రెండు బకెట్లు: ఒకదాన్లో షాంపూ నీళ్ళు, రెండోదాన్లో గుడ్డ జాడించడానికి ఒట్టి నీళ్ళు. పైనుంచి కిందికే రావాలి. చక్రాలకి వాడిన గుడ్డ ట్యాంకు గడప తొక్కకూడదు. గిన్నెలు తోమే సబ్బు వాడితే ఉన్న మైనం పూత కాస్తా ఊడుతుంది. నురుగు ఆరకముందే కడిగేయాలి. పైపు మూతికి వేలు అడ్డం పెట్టి చిమ్మకూడదు. ఊరికే ధారగా వదిలితే నీళ్ళు పొరలా జారి, నిలిచే చుక్కలు తగ్గుతాయి. అన్నిటికన్నా ఆఖర్న ఏసీ తీర్థం ఒక చెంబుడు. అంటే పదింట తొమ్మిది వంతుల కడుగుడు బోరుతోనే, చివరి జాడింపు మాత్రం మంచినీటితో. కిటుకంతా అదే, ఎందుకంటే బండి మీద ఆరేది ఆఖరి నీళ్ళే.

తుడవడం వేరే ఘట్టం. మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి, అద్ది, ఎత్తాలి. రుద్దకూడదు. తువ్వాలు కింద పడిందా, ఇక ఆరోజుకి అది బండికి అంటు. ఈలోగా అద్దాల కాడల్లోంచీ, పెట్రోలు మూత చుట్టూ, స్విచ్చుల సందుల్లోంచీ దాక్కున్న నీళ్ళు ఒక్కో చుక్కా బయటికొచ్చి, తుడిచిన చోటే జారతాయి. వాటికోసం చేతిలో గాలి ఊదే మిషను. అది కొనకముందు వాళ్ళావిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను వాడేవాడట. ఆ కథ ఎలా ముగిసిందో ఆవిడా చెప్పదు, ఈయనా చెప్పడు. గొలుసు తుడిచి నూనె రాసి, బ్రేకులు తడిగా ఉంటే పట్టవు కాబట్టి సెల్లార్లోనే నాలుగడుగులు నడిపి నొక్కి చూసుకుని, చివర్న సెల్‌ఫోను లైటు ఏటవాలుగా వేసి ట్యాంకు మీద వెతుకుతాడు.

"ఇంకెంత తుడుస్తవ్ సార్, అరిగిపోతది" అంటాడు వాచ్‌మన్. ఆసామికి వినపడదు.

ఇంత చేసి ఎక్కడికెళ్తాడంటే, ఎక్కడికీ వెళ్ళడు. ఆఫీసుకి మెట్రో. కూరగాయలకి వాళ్ళావిడ స్కూటీ. ఆకాశంలో మబ్బు కనిపిస్తే బండికి కవరు. నిజానికి వాన నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవనీ, మరక వానది కాదు, బండి మీదున్న దుమ్ముదనీ ఆయనే చెబుతాడు. కానీ నమ్మకం వేరు, సాహసం వేరు. పావురాలంటే మాత్రం ఆయన ఇంట్లోవాళ్ళ ముందు అనకూడని మాటలన్నీ సెల్లార్లో అంటాడు.

దసరా వస్తే ఆయనకి పరీక్ష. ఆయుధపూజకి అందరి బండ్లూ కడిగి వరసగా పెడతారు. పంతులుగారు పసుపు నీళ్ళలో వేళ్ళు ముంచి వస్తుంటే ఆసామి ఎదురెళ్ళి, "స్వామీ, బొట్టు నంబరు ప్లేటుకి పెట్టండి, బండి ప్రాణమంతా అక్కడే ఉంటుంది" అని కొత్త శాస్త్రం చెబుతాడు. చక్రం కింద నిమ్మకాయ పగలగానే ఎగిరిన రసం ఎక్కడ పడిందోనని చూస్తూ హారతి కళ్ళకద్దుకోవడం మర్చిపోతాడు.

2024 మార్చిలో బెంగళూరుకి నీటి కటకట వచ్చి, తాగేనీళ్ళతో బండ్లు కడిగితే అయిదు వేలు జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. అక్కడుండే బామ్మర్ది ఫోను చేసి "బావా, ఇక్కడుంటే నువ్వు జైల్లో ఉండేవాడివి" అని నవ్వాడు. ఆసామి నవ్వలేదు. కాసేపాగి, గొంతు తగ్గించి, "ఏసీ నీళ్ళు కూడానా?" అని అడిగాడు.

ఆయన కష్టంలో ఒక చిక్కుంది. రెండు గంటలు శ్రమపడితే వచ్చేది ఏమిటంటే, ఏమీ కనిపించకపోవడం. చుక్క ఉంటే "అయ్యో, బండి కడగలేదా?" అని దారినపోయేవాడు కూడా అడుగుతాడు. లేకపోతే ఒక్కడూ తల తిప్పడు. ఈ బాధ ఆయనొకసారి అన్నం ముందు కూర్చుని వాళ్ళావిడతో చెప్పుకున్నాడట. ఆవిడ గరిటె కిందపెట్టి, వంటింటి పంపుకేసి చూపించి, "ఆ పంపు ఏ రంగులో ఉంది?" అని అడిగింది.

"స్టీలు రంగు."

"ఇదే బోరు నీళ్ళు. ఇదే సున్నం. పెళ్ళయిన దగ్గర్నుంచీ అది స్టీలు రంగులోనే ఉంది. ఎందుకుందని ఎప్పుడైనా అనుకున్నారా?"

ఆసామి ఆ పూట పెరుగు వేసుకోకుండానే లేచాడు. మర్నాడు బాత్రూములో అద్దం, షవరు జల్లెడ, పంపు మెడ అన్నీ సెల్‌ఫోను లైటు ఏటవాలుగా వేసి చూశాడు. చుక్క లేదు. మైక్రోఫైబర్ లేదు, ఏసీ నీళ్ళు లేవు, గాలి మిషను లేదు. పాత చీర ముక్కా, వాడిన నిమ్మచెక్కా. మీటరు జేబులో పెట్టుకుని ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడని విన్నాను.

అప్పట్నుంచి బాత్రూములు ఆయన వంతు. చెయ్యి తిరిగింది, పేరూ వచ్చింది. బండి గురించి చెబితే లిఫ్టెక్కి పారిపోయినవాళ్ళు, పంపుల గురించి చెబితే మాత్రం కుర్చీ వేసి వింటున్నారు. వెనిగర్లో నీళ్ళు కలిపి గుడ్డ తడిపి పంపుకి చుట్టమంటాడు. పుల్లటిదేదైనా సున్నాన్ని కరిగిస్తుంది కాబట్టి పాలరాతి మీదా, కడప బండ మీదా ఒక్క చుక్క పడనివ్వొద్దనీ, అవి కూడా సున్నపు రాళ్ళేననీ హెచ్చరిస్తాడు. రెండో అంతస్తు అమ్మమ్మగారు, మూడో అంతస్తు కొత్త కోడలు, ఎదుటి అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారి భార్య, అందరి దగ్గరా ఆయన నంబరుంది.

మొన్న ఆదివారం కూడా ఆఖరి చెంబు పోసి తువ్వాలు తీసేలోపు ఫోను మోగింది. గోడకానుకుని మొదలుపెట్టాడు. ఈలోగా సెల్లారు దారిలోంచి ఎండ మెల్లిగా లోపలికి జరిగి ట్యాంకు మీదికొచ్చింది. వాచ్‌మన్ రెండుసార్లు దగ్గాడు. తర్వాత ఉండబట్టలేక, "సార్, బండి మీద నీళ్ళు ఆరిపోతున్నయ్" అన్నాడు.

ఆసామి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి విసుక్కున్నాడు. "ఉండవయ్యా! నీళ్ళు ఆరిపోకముందే ఎందుకు తుడవాలో అమ్మగారికి చెబుతున్నాను!"