డాలస్‌లో గుత్తి పురుగు

మా వేంపల్లె ఇంట్లో సాలెపురుగు కనబడితే బూజుకర్ర తీస్తాం. అదే అమెరికాలో కనబడితే ఫోన్ తీస్తాం. ఈ మర్యాద మాకు నేర్పించినవాడు మా అన్న కొడుకు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తోటివాళ్లు కుక్కనో పిల్లినో పెంచుకుంటుంటే వీడు టారంటులాను తెచ్చి గాజుపెట్టెలో పెట్టుకున్నాడు. విప్పిన అరచేయంత ఉంటుంది. ఒళ్లంతా వెంట్రుకలు, కాళ్ల కీళ్ల దగ్గర పసుపు మచ్చలు, మిగతాదంతా నెమలికంఠం రంగు. చీరైతే మా వదిన ధర అడిగుండేది.

"చిన్నాయనా, ఇది యాడిదో చెప్పు చూద్దాం" అన్నాడు మొదటిసారి వీడియోలో చూపించి.

బ్రెజిల్ అన్నాను. ఆఫ్రికా అన్నాను.

"గుత్తి."

"ఏ గుత్తిరా?"

"ఎన్ని గుత్తులుండాయి? అనంతపురం జిల్లా గుత్తే."

గుత్తి అంటే మా వైపు వాళ్లకు తెలిసినవి రెండే: కోట, రైల్వే జంక్షన్. ఆ జంక్షన్‌లో ఇంకో బండి కోసం పెట్టె మీద కూర్చుని కునికిపాట్లు పడనివాళ్లు మాలో తక్కువ. ఈ పురుగుకూ గుత్తి పేరు వచ్చింది రైల్వే పుణ్యానే. అక్కడి రైల్వే కలప డిపోలో ఇది దొరికింది. రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1899లో దీన్ని వర్ణించి 'పోసిలోథీరియా మెటాలికా' అని నామకరణం చేశాడు. అడవి దుంగల్లో కూర్చుని టికెట్ లేకుండా గుత్తిలో దిగి ఉంటుందని తర్వాతివాళ్ల అభిప్రాయం. ఆ తర్వాత వందేళ్ల దాకా దాని జాడే లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. చెట్టు తొర్రల్లో కాపురం. చెట్లే కరువైపోతే తొర్రలెక్కడివి? 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) వాళ్లు దీన్ని అంతరించిపోయే ప్రమాదం అందరికన్నా ఎక్కువున్న జీవుల జాబితాలో చేర్చారు. ఇక్కడ నిలవనీడ లేదు గానీ ఐరోపాలో, అమెరికాలో గాజుపెట్టెల్లో మాత్రం పిల్లాపాపలతో సుఖంగా ఉంది. ఉన్న ఊర్లో జరుగుబాటు లేక పరాయిదేశంలో వృద్ధిలోకి రావడం రాయలసీమ వాళ్లకు కొత్త కథేమీ కాదు కాబట్టి మేము పెద్దగా ఆశ్చర్యపోలేదు. వీడిది అక్కడే పుట్టిన పిల్ల. అంటే దానికి అమెరికా పౌరసత్వం పుట్టుకతోనే వచ్చింది. మావాడి గ్రీన్‌కార్డు ఇంకా క్యూలోనే ఉంది.

వచ్చిన చిక్కల్లా అది తిండి మానేయడంతో వచ్చింది.

మా అమ్మకు పురుగైనా మనిషైనా ఒకటే లెక్క: తిన్నారా, లేదా. వాళ్లకు రాత్రి, మాకు ఉగ్గాని వేళ, ఫోన్ మోగితే చాలు, "తినిందా?" అని అడిగేది. మనవడు తిన్నాడా అని కాదు. కీచురాళ్లు వేసినా ముట్టడం లేదంటే, "ఆ చలిదేశం పురుగులు ఏం రుచుంటాయిరా, మన చేన్లో మిడతలైతే తింటుండె" అని బాధపడేది. వాడు ఓపిగ్గా వివరించేవాడు: ఇది జబ్బు కాదు జేజీ, కుబుసం విడవబోతోంది. దాని ఎముకల గూడు ఒంటి బయట ఉంటుంది. ఒళ్లు పెరిగినా ఆ గూడు పెరగదు. అందుకని లోపల కొత్తది తయారుచేసుకుని పాతది విప్పేస్తుంది. చిన్నప్పుడు తరచూ విడుస్తుంది, పెద్దయ్యాక ఏడాదికోసారో ఇంకా ఆలస్యంగానో. ముందు తిండి మానేస్తుంది, రంగు మాసిపోతుంది, కడుపు ఉబ్బుతుంది.

మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్‌కు ముక్కు ఆనించి చూసింది. "నెలలు నిండిన మనిషి మాదిరుండాది. కదిలించాకండి. నీళ్లు పెట్టి ఊరికుండండి" అని తీర్పు చెప్పింది. వాడు డబ్బు పెట్టి కొన్న పుస్తకంలోనూ సరిగ్గా ఇదే ఉందట. కాకపోతే ఒక మాట ఎక్కువ: పెట్టెలో మిగిలిన కీచురాళ్లను తీసేయాలి. కుబుసం విడిచేటప్పుడు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది, కోరలు కూడా తెల్లగా, మెత్తగా ఉంటాయి. అప్పుడు కీచురాయే దాన్ని కొరుక్కు తినగలదు. ఇది విన్నాక మా అన్న ఎలక్షన్లలో ఓడిపోయిన ఒకరిద్దరు నాయకుల పేర్లు చెప్పి చాలాసేపు నవ్వాడు.

ఊరికుండడం మాత్రం వాడి వల్ల కాలేదు. పెట్టెలో తేమ ఎంతో చూపే మీటరు, వేడి ఎంతో చూపే మీటరు, రాత్రి చీకట్లో చూసే కెమెరా తెచ్చి పెట్టాడు. అది చెక్కగుల్ల మూతికి పట్టులాంటి దారంతో తెర కట్టుకుని లోపల కూర్చుంది. గుల్ల అద్దానికి ఆనుకున్న వైపు మాత్రం కాస్త సందులో కనబడేది. కెమెరా లింకు మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరం పనులు మానుకుని ఒక కాలి కొసను చూస్తూ కూర్చున్నాం. ఆ కాలు కదిలిందని మా చెల్లెలు ప్రొద్దుటూరు నుంచి మెసేజ్, కదల్లేదని మా బావ అదే ఇంట్లోంచి ఇంకో మెసేజ్.

మాలో తొందర లేనిది మా అమ్మకొక్కదానికే. వాన పడి చెనిక్కాయ విత్తేదాకా, పాపాఘ్నిలో నీళ్లు పారేదాకా ఆకాశం చూస్తూ బతికిన మనిషి. దేన్నైనా రోజూ చూడాలిగానీ పిలవకూడదని ఆమె పద్ధతి. పైగా శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలెపురుగే కదా, శివుడికి గూడు అల్లి మోక్షం పొందిన జీవి. ఆ చుట్టరికం గుర్తొచ్చాక ట్యాబ్‌కు ఒక నమస్కారం కూడా మొదలైంది.

ఒకరోజు పొద్దున ఆమె చింతపండు గింజలు తీస్తూ ట్యాబ్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. డాలస్‌లో అర్ధరాత్రి దాటింది. పురుగు వెల్లకిలా తిరిగింది. చచ్చిన టారంటులా కాళ్లు కిందికి ముడుచుకుని బోర్లా ఉంటుంది, వెల్లకిలా పడితే బతికున్నట్టే అని వాడు ముందే చెప్పి ఉన్నాడు. వీపు డిప్ప ఒక పక్క లేచింది. తర్వాత ఎనిమిది కాళ్లూ ఒక్కటొక్కటే కాదు, అన్నీ కలిసి, అంగుళం అంగుళంగా పాతకాళ్లలోంచి బయటికి జారాయి. తెల్లగా, తడిగా. నెత్తురు ఒత్తిడితోనే అది ఆ పని చేస్తుందట. మేమంతా చేరేసరికి పాతది ఒక పక్క, కొత్తది ఒక పక్క, పురుగులు రెండున్నట్టే ఉంది.

"వానికి ఫోన్ చేయలేదా?" అన్నాను.

"నిద్రపోనీలేరా, పొద్దన పనికి పోవల్ల" అంది.

వాడు లేచి తల పట్టుకున్నాడు. తేరుకున్నాక, విడిచిన కుబుసాన్ని నీళ్లలో నానబెట్టి, సూదితో విప్పి, భూతద్దం కింద చూసి ఆడదని తేల్చాడు. లోపలి అవయవాల పొర కూడా కుబుసంతోనే వస్తుంది, మగా ఆడా అని దాన్నిబట్టి తెలుస్తుంది. మగవైతే మూడు నాలుగేళ్లకే పోతాయి, ఆడవి పన్నెండేళ్ల దాకా బతుకుతాయట. కాలు ఊడితే కుబుసాలతో మళ్లీ మొలుస్తుంది. కోరలూ కొత్తవే వస్తాయి. ఇక్కడ మా అమ్మ ఆపింది.

"పండ్లు గూడానా?"

"అవును జేజీ. గొంతు లోపలి పొర గూడా."

పళ్లసెట్టు తీసి నీళ్ల గ్లాసులో వేస్తూ, "దేవుడు యాడ పెట్టాల్నో ఆడ పెట్టలా" అంది. నా మోకాళ్ల సంగతి నేనెత్తలేదు.

పన్నెండేళ్లన్న మాట పట్టుకుని మా వదిన పెళ్లి ఊసెత్తింది. పిల్లను ఇచ్చేవాళ్లకు ఆ గాజుపెట్టె సంగతి ముందే చెప్పాలా, తర్వాత చెప్పాలా అన్నది మా ఇంట్లో ఇంకా తెగలేదు. మా అమ్మ ధ్యాస కుబుసం మీదే ఉంది. కొరియర్లో పంపమంది, పూజగదిలో పెట్టుకుంటుందట.

"కుదరదు జేజీ. 2019 నుంచి ఇది సైటీస్ జాబితాలో ఉండాది. అంతర్జాతీయ ఒప్పందం. విడిచిన తోలైనా సరే, దేశం దాటాలంటే పర్మిట్ కావాల్సిందే."

"దాని పుట్టినూరు గుత్తి అన్యావు కదరా?"

"అవును."

"పుట్టింటికి పంపేదానికి ఎవుర్నిరా అడిగేది?"