పటము గీయు నొకరు (టీకా తాత్పర్య సహితం)

పటము గీయు నొకరు పన్ను వేయు నొకరు
ముంపు వచ్చునపుడు మొదటి తిట్లు
కాగితమ్ము గనని కార్పొరేటరునకు
దక్కు గాని పటము దక్కదెపుడు

అవతారిక. ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరకదు. వ్యాఖ్యానం రాయాలన్న దుగ్ధ ముందు పుట్టి, దానికి ఆధారంగా పద్యం తరువాత పుట్టింది. అయినా మూలంలో లేని మాట రాయనని పంతం పట్టిన కొలచాల మల్లినాథసూరి మెతుకుసీమ వాడే కాబట్టి, ఆయన మర్యాద కోసం ఈ వ్యాఖ్యాత కూడా చట్టాలను, గెజెట్లను దాటి పోదలచుకోలేదు. సందర్భం హైదరాబాదు. పాత్రలు రెండు: ఓట్లతో ఏర్పడిన నగరపాలక మండలి, ఉత్తర్వుతో ఏర్పడిన ప్రణాళికా సంస్థ.

పటము = మాస్టర్ ప్లాన్. ఏ సర్వే నంబరులో ఇల్లు లేపవచ్చు, ఏ నంబరులో జొన్న తప్ప మరేమీ మొలవకూడదు అన్నది రంగుల్లో చెప్పే కాగితం. పసుపు పడితే నివాసం, ఊదా పడితే పరిశ్రమ. ఎకరం ఖరీదును మట్టి కన్నా ఈ రంగే ఎక్కువగా తేలుస్తుందని రియల్ ఎస్టేటు వారు ఏ వ్యాఖ్యానమూ చదవకుండానే గ్రహించారు.

గీయు నొకరు. ఇక్కడి 'ఒకరు' ఎవరన్న విషయంలో మతభేదం లేదు. 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం కింద పుట్టిన హుడా మొదట. 2008లో సైబరాబాద్, విమానాశ్రయ, బుద్ధపూర్ణిమ సంస్థలను కూడా కలుపుకొని దాని స్థానంలోకి వచ్చిన హెచ్ఎండీఏ తరువాత. అధ్యక్ష పీఠం ముఖ్యమంత్రిది. ఏర్పడిన నాటికే దాని పరిధి 7,000 చదరపు కిలోమీటర్లు దాటింది. అంతకు ముందు ఏడాది, 2007 ఏప్రిల్‌లో, 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలుపుకొన్న జీహెచ్ఎంసీ వైశాల్యం సుమారు 625. అంటే అప్పటి కార్పొరేషన్ మొత్తం ఆ పటంలో పదో వంతు కూడా కాదు.

ఈ విభజనకు పాత వాసన ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ఊడ్చేశాక, ఇరుకు బస్తీలను విప్పి కొత్త నగరం వేసే పనిని నిజాం ప్రభుత్వం బల్దియా (నగరపాలక సంస్థ) చేతిలో పెట్టలేదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును వేరుగా నిలబెట్టింది. చెత్త ఎత్తేవాళ్లు చెత్త ఎత్తాలి, ఊరు గీసేవాళ్లు వేరే గదిలో కూర్చోవాలి అన్న ఏర్పాటు ప్రజాస్వామ్యం కన్నా ముందే ఇక్కడికి వచ్చింది.

పన్ను వేయు నొకరు = బల్దియా. ఆస్తిపన్ను నోటీసు మీద ఉండేది దాని పేరే. అంతమాత్రాన గీసేవారిని నిరుపేదలుగా భావించరాదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో హెచ్ఎండీఏ ప్లాట్లలో ఒకదానికి ఎకరం వంద కోట్లు దాటింది. పన్ను వేసేవాడికి బకాయిల జాబితా, పటం గీసేవాడికి వేలంపాట సుత్తి.

ముంపు వచ్చునపుడు. ఇది వర్షర్తు వర్ణన కాదు, నిర్దిష్ట కాలసూచన. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పల్లె చెరువు, ఆ వారంలోనే గుర్రం చెరువు గట్లు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. చెరువు ఎక్కడిదాకా చెరువో తేల్చే ఎఫ్‌టీఎల్ గీత ఒక కార్యాలయానిది, ఆ గీత లోపల లేచిన ఇంటి ముందు రోడ్డు మరో కార్యాలయానిది. నడుం లోతు నీళ్లలో నిలబడ్డ గృహస్థుకు ఈ సూక్ష్మం పట్టదు. అతనికి ఫోను నంబరు తెలిసింది కార్పొరేటరుదే. ఇంటికి పదివేల రూపాయల సాయం ప్రకటించాక, అందనివాళ్లు వెళ్లి నిలదీసింది కూడా అతని గుమ్మంలోనే.

మొదటి తిట్లు. ఆ ఏడాదే డిసెంబరు 1న బల్దియా పోలింగు. 2016లో 150 డివిజన్లలో 99 గెలిచిన అప్పటి పాలకపక్షం ఈసారి 56 దగ్గర ఆగింది. కారణం ముంపు ఒక్కటే అనడం అతివ్యాప్తి దోషం; కానీ తిట్లకు లెక్క దొరికే చోటు బ్యాలెట్ పెట్టె తప్ప వేరే లేదు. హెచ్ఎండీఏకు అలాంటి పెట్టె లేదు.

కాగితమ్ము గనని. ఇక్కడ ఆగాలి. ముసాయిదా పటాన్ని బహిరంగంగా పెడతారు, అభ్యంతరాలు అడుగుతారు, కాబట్టి కార్పొరేటరు కూడా వెళ్లి చూడవచ్చు కదా, 'గనని' అనడం అబద్ధం కాదా అని ఆక్షేపణ. సమాధానం: చూడవచ్చు, వీధిలో ఎవరైనా చూడగలిగినట్టే. 2031 వరకు నడిచే పటం 2013 జనవరిలో వెలువడింది; దానికి ప్రాణం పోసింది ప్రభుత్వ ఉత్తర్వు, కౌన్సిల్ ఓటు కాదు. ఒక స్థలం రంగు మార్చాలన్నా దరఖాస్తు ప్రణాళికా సంస్థకు పోయి, అక్కడి నుంచి సచివాలయానికి పోయి, జీవోగా తిరిగి వస్తుంది. ఆ దారిలో కౌన్సిల్ హాలు తగలదు. కనుక 'గనుట' అంటే ఇక్కడ చేత్తో తాకుట అని లక్ష్యార్థం.

మరి రాజ్యాంగం? 74వ సవరణ 1993 జూన్‌లో అమలులోకి వచ్చింది. అది చేర్చిన పన్నెండో షెడ్యూలులో పద్దెనిమిది పనులుంటే మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. పది లక్షల జనాభా దాటిన ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని, అందులో మూడింట రెండు వంతుల మందికి తక్కువ కాకుండా మున్సిపాలిటీల, పంచాయతీల ప్రతినిధులే ఎన్నుకున్నవారు ఉండాలని 243-జెడ్ఈ అధికరణం చెబుతుంది. కోల్‌కతా 2001లో అలాంటి కమిటీ వేసుకుంది. పెద్దపీట మాత్రం అక్కడా ముఖ్యమంత్రిదే. షెడ్యూలులోని పనులను బల్దియాలకు అప్పగించే స్వేచ్ఛ రాష్ట్రాలదే కావడంతో, మొదటి పని చాలా చోట్ల చివరిదాకా అప్పగింత కాలేదు.

పూర్వపక్షం. ఇంత అన్యాయంగా ఎందుకు విడదీశారు? అన్యాయం కాదు, ముందుచూపు అంటారు కొందరు. అమెరికాలో 1928లో వాణిజ్య శాఖ అచ్చువేసిన నగర ప్రణాళికా నమూనా చట్టం తొమ్మిదిమంది కమిషనును సూచించింది: మేయరు, ఒక అధికారి, ఒకే ఒక్క కౌన్సిల్ సభ్యుడు, మిగతా ఆరుగురు మేయరు నియమించే పౌరులు. కౌన్సిలర్ల చూపు వచ్చే ఎన్నికల దాకానే, పటం చూపు ఇరవై ఏళ్లు అన్నది దాని వెనుక వాదం. అందులో నిజం లేకపోలేదు. అయిదేళ్ల వాడికి ఇరవై ఏళ్ల కాగితం ఒంటరిగా ఇస్తే ఏ రంగు ఎవరి స్థలం మీద పడుతుందో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు. అయితే ఆ చట్టమే తలుపు కూడా పెట్టింది: కమిషను కాదన్న రోడ్డునైనా పార్కునైనా కౌన్సిల్ మూడింట రెండు వంతుల ఓటుతో నెగ్గించుకోవచ్చు. ఎవరు ఎందుకు కాదన్నారో ఊరికి రికార్డు మిగులుతుంది. మనం గోడ తెచ్చుకున్నాం, తలుపు తెచ్చుకోలేదు.

పాఠాంతరాలు. ఢిల్లీ ప్రతిలో గీసేవాడు కేంద్రం: 1957 నాటి డీడీఏకు లెఫ్టినెంట్ గవర్నరు అధ్యక్షుడు, కార్పొరేషన్ నుంచి ఎన్నికై వచ్చే ప్రతినిధులు ఇద్దరు. ముంబయి ప్రతిలో 'ఒకరు', 'ఒకరు' ఒక్కరే. 1966 చట్టం ప్రకారం కార్పొరేషనే తన పటం గీసుకుంటుంది. అందువల్ల అక్కడ తిట్లు తగ్గాయనుకోవద్దు. 2015లో వెలువడ్డ ముసాయిదా తప్పుల మీద ఊరంతా గగ్గోలు పెడితే, దాన్ని తిరగరాయమన్నది మళ్లీ ముఖ్యమంత్రే.

దక్కదెపుడు. ఈ 'ఎపుడు' మీద వ్యాఖ్యాతకు అభ్యంతరం ఉంది. కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ తమ పొలాలను పారిశ్రామిక జోనులో వేసిందని 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేటు ముట్టడి అయింది. ఆ తర్వాత రైతులు వెళ్లింది కౌన్సిలర్ల దగ్గరికి: రాజీనామా చేయండి అని. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానించింది. కాబట్టి 'ఎపుడు' అనడం పూర్తిగా నిలవదు; వద్దని చెప్పడానికి ఒక రోజు దక్కింది. ఆ తీర్మానం ప్రతి మాత్రం హైదరాబాదు వెళ్లాల్సిందే. పటాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చే సంతకం అక్కడ ఉంది.