కొల్లేరు మీద ఐదు పేజీలు

సంగం జాగర్లమూడిలో ఒక ఇంటి అటక మీద మొన్నటిదాకా ఉన్న జిరాక్సు కాగితాల కట్టలో నేనూ ఉన్నాను. ఐదు పేజీల పరిశోధన వ్యాసాన్ని. మూలన కొట్టిన పిన్ను తుప్పు పట్టి నా మొదటి పేజీ మీద మరక దిగింది. నా అసలు ప్రతి 2004 మే నెలలో బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్ పత్రికలో అచ్చయింది. రాసినవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు: కె. నాగేశ్వరరావు, జి. మురళీకృష్ణ, బి. హేమమాలిని. కొల్లేరు సరస్సు మాయమైపోతోందని నా శీర్షికలోనే చెప్పేశారు.

ఐఆర్ఎస్-1డి ఉపగ్రహం 2001 ఫిబ్రవరిలో తీసిన చిత్రం నాకు ఆధారం. అలాంటి చిత్రంలో పచ్చని ఆకు ఎర్రగా, నీరు నల్లగా కనపడుతుంది. చేపల చెరువు గట్టు గీత గీసినట్టు ఉంటుంది, సరస్సు అంచు అలా ఉండదు. ఆ తేడా పట్టుకుని లెక్క తీశారు. 245 చదరపు కిలోమీటర్ల కొల్లేటిలో 1050 చేపల చెరువులు, ఎండిపోయినవి మరో 38, అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. అంటే నూటికి 42 పాళ్లు. ఇంకో 8.5 పాళ్లు వ్యవసాయం, ఎక్కువగా వరి. మిగిలినదాంట్లో కిక్కిస, గుర్రపుడెక్క. తేటనీరు అని చూపించడానికి ఆ చిత్రంలో చోటే దొరకలేదు. 1999లో అభయారణ్యమని ప్రకటించిన సరస్సు అది, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన సరస్సు అది! ఆ మాట అంకెలతో సహా చెప్పగలిగానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

నేను పుట్టిన ఏడాదే ఉదహరింపులు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్, స్కోపస్ వచ్చాయి. ఏ వ్యాసాన్ని ఎంతమంది ఉదహరించారో లెక్కగట్టే పని యూజీన్ గార్ఫీల్డ్ 1964లోనే మొదలుపెట్టాడు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-సూచిక తెచ్చాడు. ఒకరి వ్యాసాల్లో పదింటికి కనీసం పదేసి ఉదహరింపులు వచ్చి, పదకొండింటికి పదకొండేసి రాకపోతే వారి సూచిక పది. ఉద్యోగానికీ పదోన్నతికీ ఇప్పుడు ఆ అంకె చూస్తారు. చూడనివ్వండి. కానీ అందులో చదివినవాడూ, పేరు మాత్రం ఎత్తి రాసుకున్నవాడూ ఒకటే. నా బాధ అది.

ఈ ఇంటి అమ్మాయి నన్ను చదివింది. రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవుల మీద ఆమె పరిశోధన. గుంటూరు వెళ్లే రైల్లో నన్ను ఒళ్లో పెట్టుకుని రెండో పేజీలో పెన్సిల్‌తో రాసుకుంది: ‘ఇది 2001 నాటి మాట. ఇప్పుడు?’ అంతకన్నా మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఎందుకంటే 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో కొల్లేటిలో చెరువుల గట్లు తెగ్గొట్టారు. నా 42ని ఆ తర్వాత వాడేవాళ్లు పక్కన 2001 అని వేసి తీరాలి. వెయ్యరు. అంకె ఒకరి జాబితాలోంచి ఇంకొకరి జాబితాలోకి పోతుంది, సంవత్సరం దారిలోనే రాలిపోతుంది. ఆమె స్నేహితుడొకడు ఈ ఇంటి వరండాలో నా మొదటి పేజీ మాత్రం ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. పేజీ తిప్పనైనా లేదు. వాడి సిద్ధాంత గ్రంథం వెనక జాబితాలో నేనున్నాను.

ఆమెకు పట్టా వచ్చింది, ఉద్యోగమొచ్చి దూరం వెళ్లింది. నన్ను అటకెక్కించారు. అక్కడ ఎండాకాలం వేడికి కాగితం పెళుసెక్కుతుంది, వానాకాలం చెదలు వస్తాయి. ఐదో పేజీ అంచు ఇప్పటికే తినేశాయి. నేను ఎవరెవరిని ఉదహరించానో ఆ పేర్లున్నది అక్కడే. గుంటూరు తాగే నీళ్లలో కొన్ని ఈ ఊరి చెరువు నుంచి పోతాయి. కొమ్మమూరు కాలువ దగ్గర్లోనే. నీటి సంగతి చెప్పే కాగితానికి ఇంతకన్నా తగిన ఊరు ఏముంటుంది? అయినా నన్ను దించి చూసినవాళ్లు లేరు.

మొన్న పాతపేపర్లవాడు వీధిలో కేకేస్తే ఆ అమ్మాయికి నాయనమ్మ ఫోన్ చేసింది. ‘‘అమ్మాయ్, అటక మీద కాయితాలన్నీ చెదలు పట్టిపోతన్నయ్. ఏసెయ్యమంటావా?’’

‘‘వేసెయ్ నాయనమ్మా. అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయిలే.’’

నిజమే, నేను కంప్యూటర్‌లో ఉన్నాను. ఆ పెన్సిల్ ప్రశ్న మాత్రం లేదు. కాటా మీదికి ఎక్కేటప్పటికి కట్టలో అందరికన్నా పైన నేనున్నాను. నన్ను కొన్నవాడు పొట్లాలు కడితే కట్టనీ, అంతకుముందు ఆ రెండో పేజీ ఒక్కసారి చదవమనండి. కొల్లేటి చెరువులను ఇవాళ మళ్లీ కొలిచేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు నా 1050 కావాలి, దాని పక్కన సంవత్సరమూ కావాలి.