చేపల తొట్టిని కడిగి పారేయడం ఎలా?

ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్కన వెలిసిన వెంచర్లలో కొత్తిల్లు కట్టుకున్నవాళ్లకు మూడు తప్పవు: గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, హాల్లో పెద్ద టీవీ, టీవీ పక్కన ఫిష్ ట్యాంక్. మొదటి రెండూ వాటి మానాన అవి ఉంటాయి. మూడోదానికి పాకురు పడుతుంది. ఆ పాకురు మీద నేను ఏడాదిగా యుద్ధం చేస్తున్నాను. ఈ ఏడాదిలో ఒక రెండడుగుల తొట్టి, నాలుగు స్పాంజిలు, పంతొమ్మిది చేపలు నా చేతుల మీదుగా వెళ్లాయి. చేపల లెక్క చూసి నా అనుభవం ఎంతటిదో మీరే అంచనా కట్టుకోండి. ఈ కింది చిట్కాలన్నీ స్వయంగా పాటించి చూసినవే.

1. తొట్టిని ఈశాన్యం కిటికీ దగ్గరే పెట్టండి

నీళ్లు ఈశాన్యంలో ఉండాలని వాస్తు చెప్పే పెద్దమనిషి అన్నాడు. మా ఈశాన్యంలో తూర్పు కిటికీ ఉంది. పొద్దున ఏడింటి నుంచే నీళ్లలోకి ఎండ దిగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆ ఎండ చాలదన్నట్టు పైన ఎల్ఈడీ లైటు రాత్రి పదకొండు దాకా వెలగనివ్వండి. నాచుకు కావలసింది వెలుగు, ఎరువు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల లైటు చాలు, ఎండ అసలు తగలనివ్వొద్దని తెలిసినవాళ్లు అంటారు. ఎనిమిది గంటలకే ఆపేస్తే రాత్రి భోజనానికి వచ్చిన చుట్టాలకు ఏం చూపిస్తాం?

2. తెచ్చిన రోజే నిండుగా చేపలు వేయండి

ఖాళీ తొట్టి ఇంటికి అరిష్టం. పొద్దున నీళ్లు, సాయంత్రం చేపలు, అంతే. నేను ఆరు గోల్డ్ ఫిష్, ఎనిమిది మోలీలు ఒకేసారి దింపాను. మూడో రోజుకల్లా అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. మమ్మల్ని పలకరిస్తున్నాయనుకుని మా చిన్నోడు చేయి ఊపాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, చేప వదిలే వ్యర్థం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, ఇది కొంత వరకు ఫరవాలేదు. ఈ రెండు రకాలూ వచ్చి కాపురం పెట్టడానికి కొత్త తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇల్లు కట్టడానికి రెండేళ్లు ఆగినవాళ్లం, చేపల కోసం మళ్లీ ఆరు వారాలా?

3. మేత దగ్గర పిసినారితనం వద్దు

పొద్దున మా ఆవిడ ఒక చిటికెడు, బడికి పోతూ చిన్నోడు ఒక చిటికెడు, సాయంత్రం నేను, రాత్రి అమ్మ. పక్కింటి పిల్లలు వస్తే స్పెషల్. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలట. అలా వేస్తే అడుగున గులకరాళ్ల మధ్య పసుపుపచ్చటి ముద్ద తయారవదు, ఆ ముద్ద లేకపోతే నాచుకు ఎరువు దొరకదు. వరికి యూరియా చల్లిన ఊరి మనుషులం, ఈ మాత్రం తెలియదా?

4. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద బాగా పిండండి

ఇది అన్నింటికంటే ముఖ్యం. ఆదివారం పొద్దున ఎర్ర బకెట్ తీసుకుని మోటారు విప్పండి. స్పాంజి తీసి గట్టిగా పిసకండి. ఇరానీ చాయ్ రంగులో నీళ్లు కారతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లు కంపు రాదు, తొలకరి చినుకులు పడ్డ దుక్కి వాసన వస్తుంది. అదే అనుమానించాల్సిన విషయం. మురికి మురికిలా కంపు కొట్టాలి కదా! అందుకే గిన్నెలు తోమే సబ్బు రుద్ది, నల్లా తిప్పి, నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగాను.

రెండో చిట్కాలో చెప్పిన బ్యాక్టీరియా కాపురం ఎక్కువగా ఆ గోధుమరంగు జిగురులోనే ఉంటుందని, నల్లా నీళ్లలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్‌కు మంచి క్రిమి, చెడ్డ క్రిమి తేడా తెలియదని తర్వాత విన్నాను. స్పాంజి బాగా పూడుకుపోయి నీటి ధార తగ్గినప్పుడు మాత్రమే, అదీ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ఊరికే అలా జాడిస్తే చాలట. సబ్బు ఊసే వద్దట. ఆ రోజు అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసి, "అరే, మన బాయిల చాపలు ఎన్నేండ్లు బతికినయ్‌రా! ఎన్నడన్న మీ నాయిన బాయిని సబ్బు పెట్టి తోమిండా?" అంది. పాతకాలం మనిషి, శుభ్రత గురించి ఏం తెలుసు?

5. రాత్రి మోటారు ఆపి కరెంటు ఆదా చేయండి

చేపలు పడుకుంటాయి, మోటారు ఎవరి కోసం? పది వాట్ల మోటారును రాత్రి ఎనిమిది గంటలు ఆపితే నెలకు 2.4 యూనిట్లు మిగులుతాయి. స్పాంజిలోని బ్యాక్టీరియాకు పారే నీళ్లలోని ఆక్సిజనే ఊపిరి కాబట్టి ఒక్కో రాత్రి కొంత చచ్చి, పొద్దున స్విచ్ వేయగానే ఆ కుళ్లంతా తొట్టిలోకి వస్తుంది. కానీ బిల్లు తగ్గింది కదా. ఆ మిగిలిన డబ్బుతో కొత్త చేపలు కొనవచ్చు, సగం చేప వస్తుంది.

6. రంగు మారితే నీళ్లన్నీ పారబోయండి

మొదటి వారాల్లో అద్దానికి, రాళ్లకు గోధుమరంగు పొడి పడుతుంది. వేలితో రాస్తే పోతుంది. అది డయాటమ్ అనే నాచు, తొట్టి కుదురుకున్నాక చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. అంత ఓపిక మనకెందుకు? తర్వాత నీళ్లే పచ్చబడితే అది ఇంకో రకం. ఒక్కో కణంగా తేలే ఆ నాచు మామూలు స్పాంజికి చిక్కదు. మూడు నాలుగు రోజులు లైటు ఆపి, తొట్టి చుట్టూ దుప్పటి కప్పితే చాలావరకు చచ్చిపోతుందట. దుప్పటి కప్పిన తొట్టి హాల్లో ఏం బాగుంటుంది? నేను మొత్తం పారబోసి కొత్త నీళ్లు పట్టాను. నాలుగో రోజు మళ్లీ పచ్చన. మళ్లీ పారబోశాను. వారానికోసారి పావు వంతు, అదీ క్లోరిన్ పోగొట్టిన నీళ్లతో మార్చాలనే పద్ధతిలో ఈ వ్యాయామం ఎక్కడిది?

7. ఏ రోగానికైనా నీలం మందు

దుకాణంలో చిన్న సీసాలో నీలం మందు ఇస్తారు. చేప ఈదకపోయినా, ఎక్కువ ఈదినా అందులోంచి పది చుక్కలు. మెథిలీన్ బ్లూ అనే ఆ రకం మందుకు బూజు తెగుళ్ల దగ్గర వాడుక ఉంది. జబ్బు చేపను వేరే డబ్బాలో పెట్టి వాడాలట, తొట్టిలో పోస్తే ఫిల్టర్లో మిగిలిన బ్యాక్టీరియా కూడా చస్తుందట. మా తొట్టి మూలల్లో అద్దాలు అతికించిన సిలికాన్ ఇప్పటికీ నీలంగానే ఉంది, పెళ్లిలో పూసిన రంగులాగా.

8. పని సక్కర్ చేపకు అప్పజెప్పండి

నాచు తింటుందని దుకాణంలో వేలెడంత సక్కర్ చేపను అంటగడతారు. అది అడుగుకు మించి పెరుగుతుందని చెప్పరు. పెద్దదయ్యాక నాచు మానేసి మేత మీద పడుతుంది, తిన్నంతా వదులుతుంది. అప్పుడు దాన్ని మన పెద్ద చెరువులో వదిలేయడమే పుణ్యమని నా సలహా. కుతుబ్‌షాహీల నాటి చెరువు, ఎన్నో ఏళ్లు ఎండి 2022 వానలకు నిండి అలుగు పారింది. అందులో బొచ్చె, రవ్వ పట్టుకుని బతికేవాళ్లకు వలలో ముళ్ల డొక్కతో ఒక కొత్త చుట్టం తగలాలి కదా! తూర్పు కనుమల్లో ఈ చేప ఎంత దూరం పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏతో వెతికి పట్టుకున్నారు. ఆ ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి హాల్లోనే మొదలై ఉంటాయి.

9. ఎప్పుడూ ఊరికి వెళ్లకండి

ఈ ఒక్క చిట్కా నేను తప్పాను. దసరాకు పది రోజులు ఊరెళ్లాం. తొందరలో మోటారు ఆపడం మరిచాం. లైటు ఆర్పాం, కిటికీ తెర లాగేశాం. మేత వేసేవాళ్లు లేరు. తిరిగొచ్చేసరికి తొట్టి నాశనమైపోయి ఉంటుందని తలుపు తీస్తూనే ఎర్ర బకెట్ కోసం చూశాను.

నీళ్లు తేటగా ఉన్నాయి. వెనకవైపు అద్దానికి మాత్రం పలచగా పచ్చటి పాకురు. మిగిలిన రెండు మోలీలు దాన్ని గీరి గీరి తింటున్నాయి. దాని పక్కన ఆవగింజలంత కళ్లు కదులుతున్నాయి. లెక్కపెట్టాం, పదకొండు పిల్లలు. మా చిన్నోడు ముక్కు అద్దానికి ఆనించి ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాడు.

ఇంత మురికిలో పసిపిల్లలు ఎలా పెరుగుతాయి! చొక్కా చేతులు మడిచాను. స్పాంజి తీయాలి, అద్దం తోమాలి, రాళ్లు కడగాలి. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఎర్ర బకెట్ ఒక్కటే కనిపించడం లేదు. పది రోజులుగా అడుగుతున్నాను, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఎవరూ చెప్పరు. అమ్మనడిగితే కిటికీలోంచి పెద్ద చెరువు వైపు చూస్తూ కూర్చుంటుంది.