ఓ పనీ, రేపు రా!

ఉద్యోగస్తులు నలుగురు కలిసిన చోట ఈమధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "రోజువారీ పనులు రాసుకోవడానికి ఏ యాప్ బాగుంటుందంటారు?" జనవరిలో ఒకసారి, ఉగాదికి ఒకసారి, అప్రైజల్ బెడిసికొట్టినప్పుడు మరోసారి ఈ ప్రశ్నకు ఊపొస్తుంది. జవాబు చెప్పడానికి జనం పోటీ పడతారు. ఇంతకీ ఆ రాసుకోవాల్సిన పనులేమిటని అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఒకాయన టుడూయిస్ట్ అంటాడు. ఇంకొకాయన టిక్‌టిక్ అంటాడు, అందులో పొమొడోరో గడియారం కూడా కలిపే ఇచ్చారట. ఐఫోన్ పట్టుకున్నాయన నోట థింగ్స్ తప్ప మరో పేరు రాదు. అది ఆండ్రాయిడ్ ఫోన్లలో దొరకదు కాబట్టి ఆ చెప్పడంలో కాస్త వంశగౌరవం కూడా ధ్వనిస్తుంది. నోషన్ వాడేవాళ్ళ దగ్గరికి తీరిక లేనప్పుడు పోకూడదు. చదవాల్సిన పుస్తకాలకో పేజీ, తాగాల్సిన నీళ్ళకో పేజీ, రాబోయే అయిదేళ్ళలో సాధించాల్సినవాటికో పేజీ, ఈ పేజీలన్నీ ఎప్పుడెప్పుడు తెరవాలో చెప్పే పేజీ ఇంకొకటి, అన్నీ తిప్పి చూపిస్తే గానీ వదలరు. గూగుల్ టాస్క్స్ వాడేవాడు ఓ మూల మౌనంగా కూర్చుంటాడు. ఉచితంగా వచ్చినదాని గురించి నలుగురిలో ఏం చెప్పుకుంటాడు పాపం.

తర్వాత ఎంపిక ఘట్టం. యూట్యూబులో పోలిక వీడియోలు, రెండు మూడు ఫ్రీ ట్రయల్స్, కార్డు నంబరు ఇవ్వాలా వద్దా అన్న మీమాంస, ట్రయల్ అయిపోయేలోగా రద్దు చేసుకోవాలని పెట్టుకున్న రిమైండరు, ఆ రిమైండరును స్నూజ్ చేయడం, నెలనెలా ఆటో డెబిట్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే వెక్కిరించారు. ఇప్పుడు సోమలింగానికి పేరొక్కటే కాదు, రంగు, లేబుల్, ప్రయారిటీ, గడువు తేదీ కూడా సిద్ధం.

నేననేది ఒక్కటే. ఈ యాప్‌లను జనం పని చేసుకోవడానికి కొనడం లేదు. పని వాయిదా వేస్తూనే, వేస్తున్నామన్న నొప్పి తెలియకుండా ఉండటానికి కొంటున్నారు. ఆ సరుకు వరకూ కంపెనీల మీద వంక పెట్టడానికి లేదు. చాలా నాణ్యమైనది అందిస్తున్నాయి.

కూకట్‌పల్లిలో మా తోడల్లుడుంటాడు, ఐటీ ఉద్యోగం. ఓ ఆదివారం పొద్దున వాళ్ళింట్లో ఉన్నాను. బాత్రూంలో గీజర్ నుంచి నీళ్ళు కారుతుంటే కింద ప్లాస్టిక్ మగ్గు పెట్టారు. "ఇలాంటివి అప్పటికప్పుడు రాసుకోకపోతే మర్చిపోతాం అన్నయ్యా," అని మావాడు ఫోను తీశాడు. 'గీజర్' అని కొట్టాడు. అలా మొండిగా రాయకూడదట. 'గీజర్ రిపేరు చేయించాలి' అని మార్చాడు. అది 'ఇల్లు' కిందికి రావాలా 'మెయింటెనెన్స్' కిందికి రావాలా అని కాసేపు ఆగాడు. చివరికి ఇల్లు లోపలే మెయింటెనెన్స్ అని మరో అర తెరిచాడు. ఎర్ర జెండా పెట్టి, మళ్ళీ నారింజకు మార్చాడు; ఎర్రవి అప్పటికే చాలా ఉన్నాయట. పెద్ద పనిని ముక్కలు చేసుకుంటే సులువవుతుందని దాని కింద నాలుగు పిల్ల పనులు పెట్టాడు: మెకానిక్ నంబరు వెతకాలి, వారంటీ కార్డు తీయాలి, ఫోన్ చేయాలి, డబ్బులివ్వాలి. మంగళవారం సాయంత్రం ఏడింటికి గుర్తు చేయమన్నాడు.

ఈలోగా వంటింట్లోంచి మా మరదలి గొంతు వినిపిస్తూనే ఉంది. "అన్నా, గీజర్ కారుతోంది, పదకొండింటికల్లా రాగలవా?" మనిషి వచ్చాడు. వాషర్ మార్చాడు. డబ్బు తీసుకుని వెళ్ళాడు. మా తోడల్లుడు సోఫాలో కూర్చుని నాలుగు పిల్ల పనులకూ ఒక తల్లి పనికీ వరసగా టిక్కు కొట్టాడు. ఒక్కో టిక్కుకీ ఫోను టింగుమంది. "ఇవాళ బాగా ప్రొడక్టివ్‌గా గడిచింది అన్నయ్యా," అన్నాడు.

ఈ మతానికి ఆదిగ్రంథం లాంటిది 2001లో వచ్చింది, డేవిడ్ అలెన్ రాసిన 'గెటింగ్ థింగ్స్ డన్'. అందులో అయిదు మెట్లు. తలలో ఉన్నదంతా బయటికి తీసి ఒకచోట చేర్చడం, ఒక్కోటీ ఏమిటో తేల్చుకోవడం, సర్దడం, సమీక్షించడం. పని చేయడం అయిదో మెట్టు. యాప్‌లన్నీ మొదటి నాలుగు మెట్లకూ పాలరాయి పరిచాయి, అయిదోది మన కర్మకు వదిలేశాయి. అలెన్‌ను పూర్తిగా తిట్టలేం. రెండు నిమిషాల్లోపు అయ్యే పనిని రాసుకుంటూ కూర్చోవద్దు, అప్పుడే చేసెయ్యమన్నదీ ఆయనే. మెకానిక్‌కు ఫోన్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? భక్తులు ఆ పేజీ దగ్గర బహుశా పుస్తకం మూసేసి యాప్ వెతకడానికి లేచి ఉంటారు.

దీనికి శాస్త్రం అండ ఉందని కూడా అంటారు. ఉంది. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో ఒక పరిశోధన ప్రచురించింది. ఆమె ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్ళకు పూర్తయిన పనుల కన్నా మధ్యలో ఆపేసినవే ఎక్కువ గుర్తున్నాయి. బిల్లు కట్టేదాకా ఆర్డరంతా నోటికి ఉంచుకుని, కట్టగానే మర్చిపోయే సర్వర్‌ను చూశాకే ఈ ఆలోచన తట్టిందని ఒక కథ చెబుతారు. తర్వాత 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళారు. పని పూర్తి కానక్కర్లేదు, ఎలా చేస్తామో ఒక కచ్చితమైన పథకం వేసుకుంటే చాలు, బుర్రను తొలిచే ఆ గోల తగ్గిపోతుందని తేల్చారు. ఆ వ్యాసం శీర్షిక 'కన్సిడర్ ఇట్ డన్', అయిపోయిందనుకో అని.

యాప్ ప్రియులు దీన్ని తమ విజయపత్రంగా చూపిస్తారు. "మనసు తేలికపడుతుంది సార్!" నా ఫిర్యాదే అది కదా. తొలిచే గోల దేనికుంది? మనల్ని కుర్చీలోంచి లేపడానికి. రాసుకోగానే గోల ఆగింది, మనం కుర్చీలోనే ఉన్నాం. ముల్లు కాల్లోనే ఉంచి సలుపు మాత్రం తగ్గించే మందు ఇది.

మందు ప్రభావం తగ్గితే ఏం చేయాలో కూడా లోపలే ఉంది. చాలా యాప్‌లలో గడువు దాటినవన్నీ పొద్దున్నే ఎర్ర అక్షరాల్లో వరస కడతాయి. పక్కనే 'రీషెడ్యూల్' మీట. ఒక్క నొక్కు, మొత్తం రేపటికి పోతాయి. ఈ విద్య మనకు కొత్తదేం కాదు. తొంభైల్లో మన ఊళ్ళలో తలుపుల మీద, గోడల మీద సుద్దముక్కతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న సంగతి నలభై దాటినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. దయ్యం అర్ధరాత్రి వచ్చేది, చదివేది, సరే రేపొద్దామని వెళ్ళిపోయేది. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదివేది. చదువొచ్చిన దయ్యం, మర్యాద తెలిసిన దయ్యం. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కూ, పన్ను పీకించుకోవడానికీ, మున్సిపాలిటీ ఇంటిపన్నుకూ అంత మర్యాద లేదు. అవి చదవవు, నేరుగా లోపలికొస్తాయి. పైగా ఆ రోజుల్లో సుద్దముక్కకు నెలసరి చందా ఎవరూ కట్టలేదు.

వాయిదాలతో మొహం వాడిపోయిన భక్తుడికి ఉత్సాహం ఎక్కించడానికి ప్రసాదాలున్నాయి. అసానాలో పని పూర్తయితే అప్పుడప్పుడు తెర మీద కొమ్ము గుర్రం ఎగురుతుంది. హాబిటికాలో అయితే మన తరఫున ఒక వీరుడుంటాడు. మనం రోజూ చేస్తానన్న పని ఎగ్గొడితే దెబ్బలు వాడికి తగులుతాయి. ఎగ్గొట్టడం ఎక్కువైతే చచ్చిపోయి, సంపాదించుకున్న బంగారం పోగొట్టుకుంటాడు. దుప్పటి మడత పెట్టనిది మనం, ప్రాణం పోయేది వాడికి!

అన్నిటిలోకీ నాకు నచ్చింది టుడూయిస్ట్ వాళ్ళ 'కర్మ' పద్దు. పని పూర్తి చేస్తే పాయింట్లు, సరే. పనిని జాబితాలో చేర్చినా పాయింట్లే. లేబుల్ తగిలించి, రిమైండరు పెట్టినా పాయింట్లే. గడువు దాటి నాలుగు రోజులు మురగబెడితే కోత పడుతుంది గానీ, దానికీ విరుగుడుంది: వెకేషన్ మోడ్ పెట్టుకుంటే సెలవుల్లో మన కర్మ మన జోలికి రాదు. కింది మెట్టు బిగినర్, అందరికన్నా పై మెట్టు ఎన్‌లైటెన్డ్, అంటే సాక్షాత్తూ జ్ఞానోదయం. యాభై వేల పాయింట్లు దాటితే వస్తుంది. ఫలం మీద ఆశ లేకుండా పని చెయ్యమని కురుక్షేత్రంలో అంత సేపు బోధించారు. మనవాళ్ళు పని లేకుండా ఫలం తీసుకునే దారి కనిపెట్టారు.

ఇంత భక్తి ఒకే దేవుడి మీద నిలిచినా బాగుండేది. వండర్‌లిస్ట్ 2010లో బెర్లిన్‌లో పుట్టింది. దాని అందానికి లక్షల మంది పడిపోయారు. 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. రెండేళ్ళు తిరక్కుండానే సొంతంగా 'టు డు' అని ఇంకోటి తెచ్చి, పాతదాన్ని ఎప్పుడో ఒకప్పుడు మూసేస్తామంది. వండర్‌లిస్ట్‌ను స్థాపించిన క్రిస్టియన్ రీబర్ 2019లో నా యాప్ నాకు తిరిగి అమ్మండని బహిరంగంగా అడిగాడు. ఇవ్వలేదు. 2020 మే 6న మూసేస్తామని ముందే ప్రకటించి, అదే రోజున మూసేశారు. ఈ వ్యాపారం మొత్తంలో గడువు తేదీకి పూర్తయిన పని నాకు తెలిసి అదొక్కటే. ఆయన ఊరుకుంటాడా, 2024లో సూపర్‌లిస్ట్ అని మరోటి విడుదల చేశాడు.

ఇలా ఒకటి మూతపడ్డప్పుడల్లా, లేదా స్నేహితుడి ఫోన్లో ఇంకోటి అందంగా కనిపించినప్పుడల్లా, వలస మొదలవుతుంది. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్, తేదీలు తారుమారు, లేబుళ్ళు గల్లంతు, వాటిని సరిచేసుకోవడానికి శనాదివారాలు. ఒక్క పనిని కూడా వదిలిరారు. 'గిటార్ నేర్చుకోవాలి' అన్నది వండర్‌లిస్ట్‌లో పుట్టి, టు డులో పెరిగి, టుడూయిస్ట్‌లో స్థిరపడింది. గిటార్ ఇంకా కొట్లోనే ఉంది.

జాబితా అంటేనే నాకు కిట్టదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్లకు ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. పంతొమ్మిది అంశాలు, ఒకే కాగితం. మత్తివ్వకముందు కొన్ని, కోత పెట్టకముందు కొన్ని, రోగిని బయటికి తీసుకెళ్ళకముందు కొన్ని పైకి చదివి సరిచూసుకోవాలి. రోగి ఇతనేనా, కోయాల్సింది ఈ వైపేనా, లోపల పెట్టిన దూదీ గుడ్డా లెక్క సరిపోయిందా? అక్కడ స్నూజ్ లేదు. లెక్క రేపు చూసుకుందామని నర్సమ్మ నారింజ జెండా పెట్టదు. పని చేతిలో ఉండగా చదివే జాబితా అది. మన ఫోన్లో ఉన్నది, చేతిలోంచి పని దించుకున్నాక రాసే జాబితా.

ఇళ్ళలోనూ పని జరిపించే జాబితాలు ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటికే అభిమాన సంఘాలు లేవు. వంటింటి గోడ మీది వెంకట్రామా క్యాలెండర్ చూడండి. పాలు రాని రోజు మీద సున్నా. సిలిండర్ మార్చిన తేదీ పక్కన 'గ్యాస్' అని వంకర అక్షరాలు. చీటీ పాట ఎన్నో తేదీనో, పనమ్మాయి ఎన్ని రోజులు మానేసిందో, మామగారి బీపీ మాత్రలు ఎప్పటికి అయిపోతాయో, అన్నీ ఆ కాగితం మీదే. పాలు గుర్తు పెట్టుకోవడానికని ఆస్ట్రేలియాలో 2005లో 'రిమెంబర్ ద మిల్క్' అనే యాప్ పెట్టారు. మా వీధిలో ఏ ఆడమనిషినడిగినా నెలాఖరుకు పాలవాడికి ఎంత తక్కువ ఇవ్వాలో లెక్కతో సహా చెబుతుంది. ఆమెకు జ్ఞానోదయం పాయింట్లు ఎవరూ వెయ్యలేదు. గుర్రం ఎగరలేదు. ఫోను టింగుమనలేదు.

ఇప్పుడు ఆ లోటు కూడా తీర్చేస్తున్నారు. ఫ్యామిలీ లిస్టులొచ్చాయి. జాబితా అందరిదీ అట, ఎవరి పని వాళ్ళకు పేరుపెట్టి పంచవచ్చట. మా అపార్ట్‌మెంట్లో ఒకాయన ఉత్సాహంగా ఇంటిల్లిపాదినీ అందులో చేర్చాడు. ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని, సరుకులు, పిల్లాడి యూనిఫాం, కరెంటు బిల్లు, తల్లిగారి కంటి పరీక్ష, ఒక్కోటీ భార్య పేరు మీద వేసి పంపిస్తున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుని ఫోను చూసి, "మీ అబ్బాయి నాకు టాస్క్ అసైన్ చేశారు అత్తయ్యా," అంది.

"అంటే ఏంటమ్మా?"

"ఏం లేదత్తయ్యా. ఇన్నాళ్ళూ నోటితో చెప్పేవారు."